పాఠం వదిలి కార్మిక వాడకు.. మఖ్దూం బాట

పాతబస్తీ, హైదరాబాద్: ట్యాంక్‌బండ్‌పై కొలువుదీరిన ప్రముఖుల విగ్రహాల వరుసలో మఖ్దూం మొహియుద్దీన్ విగ్రహమూ ఉంది. ఉర్దూ కవిగా ఆయన పేరు వినని వారు నగరంలో అరుదు. 1964 నాటి ‘చా చా చా’, 1982 నాటి ‘బాజార్’ హిందీ చిత్రాల ద్వారా ఆయన గీతాలు ఇంటింటికీ చేరాయి. అయితే నిజాం రాజ్యంలో వేర్వేరు భాషల, మతాల శ్రామికులను ఒకే జెండా కిందకు తెచ్చిన కార్మిక నేతగా ఆయన చేసిన కృషి మాత్రం కవి కీర్తి చాటున మరుగున పడింది.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న నాటి మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి పినతండ్రి పెంపకంలో పెరిగారు. చదువు కోసం నగరానికి వచ్చి ఎన్నో అగచాట్లు పడ్డారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1939లో మూసీ ఒడ్డున హైకోర్టుకు చేరువలో ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకులుగా చేరారు. సర్కారు కొలువు దొరకడమే గగనమైన రోజులవి. అలాంటి ఉద్యోగాన్ని 1941లో వదులుకొని పూర్తికాలం ఉద్యమంలోకి దిగారు.

మారిన పనివారు

అప్పటికి రాజ్యం రూపురేఖలు మారుతున్నాయి. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం, నగరంలో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ 1930లలో ఉత్పత్తి సాగించాయి. 1942లో ఆల్విన్, మరుసటి ఏడాది ప్రాగా టూల్స్ వచ్చాయి. యుద్ధకాలంలో ధరలు మండిపోగా కూలి మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. పల్లెల నుంచి వచ్చిన తెలుగు వారు, దక్కనీ ఉర్దూ మాట్లాడే పాతబస్తీ ముస్లిం యువకులు, మరాఠీ, కన్నడ శ్రామికులు ఒకే యంత్రాల మధ్య నిలబడ్డారు. ప్రజలకు రాజకీయ స్వేచ్ఛ కొరవడిన ఆ పాలనలో వీరిని కూడగట్టడం మాటలు కాదు.

మఖ్దూంకు ఇక్కడే కవిత్వం అక్కరకొచ్చింది. చదువురాని కార్మికునికి కరపత్రం పనికిరాదు గానీ పాట పనికొస్తుంది. పండితుల ముషాయిరాల్లో మెప్పు పొందిన కవి గేటు మీటింగుల్లోనూ గొంతెత్తారు. రైల్వే, సిగరెట్, బొత్తాముల ఫ్యాక్టరీ, షాబాద్ సిమెంటు కార్మికుల సంఘాలతో ఆయన పేరు ముడిపడింది. చార్మినార్ బొమ్మ ముద్రించిన సిగరెట్ పెట్టెలు దేశమంతటా అమ్ముడవుతుంటే, వాటిని తయారుచేసే చేతుల పక్షాన పాతబస్తీలో పాఠాలు చెప్పిన అధ్యాపకుడు నిలవడం విశేషం. 1946లో ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అనుబంధంగా అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడగా, దానికి మఖ్దూం అధ్యక్షులయ్యారు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ ఆయనకు కుడిభుజంగా నిలిచారు. నిర్బంధం తీవ్రం కావడంతో అదే ఏడాది అజ్ఞాతంలోకి వెళ్లిన మఖ్దూం 1951లో అరెస్టయ్యారు.

గేటు లేని కార్మికుడు

ఆ అయిదేళ్లలో ఊరే మారిపోయింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య అనంతరం నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్దారీ పోయింది. దేవిడీలను, సైన్యాన్ని, సర్కారీ కొలువులను నమ్ముకున్న వేలాది పాతబస్తీ కుటుంబాలు జీవనాధారం కోల్పోయి చిల్లర పనుల బాట పట్టాయి. రిక్షా తొక్కేవారు, ఇంటి గడపలో కూర్చొని బీడీలు చుట్టే మహిళలు, గాజుల పనివారు పెరిగారు. వీరికి గేటు లేదు, షిఫ్టు సైరన్ లేదు, సమ్మె నోటీసు ఇవ్వడానికి యజమాని ఎవరో కూడా తెలియదు. కర్మాగారం చుట్టూ అల్లుకున్న సంఘాలకు ఈ కొత్త శ్రామికులను చేరుకోవడం కష్టమైంది. ఇంటివద్ద బీడీలు చుట్టేవారిని సైతం పరిధిలోకి తెచ్చిన కేంద్ర చట్టం 1966లో గానీ రాలేదన్నది గమనార్హం. యాప్ చూసుకుంటూ బండిపై తిరిగే నేటి డెలివరీ కార్మికునిదీ దాదాపు అదే పరిస్థితి. అతనికి చట్టంలో నిర్వచనం దక్కింది 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనే.

సంఘాల పటం కూడా ఎల్లకాలం ఒకేలా లేదు. 1947లో ఐఎన్‌టీయూసీ రంగప్రవేశంతో పోటీ మొదలైంది. 1956 రాష్ట్రాల పునర్విభజనలో షాబాద్ మైసూరు రాష్ట్రానికి, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి పోయాయి. ఒకనాడు ఒకే గొడుగు కింద పనిచేసిన సంఘాలు మూడు రాష్ట్రాల పాలయ్యాయి.

మఖ్దూం 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాద్ శాసనసభలో అడుగుపెట్టారు. 1950ల నడుమ ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద వియన్నాలో ఉండి పలు దేశాలు పర్యటించారు. అనంతరం ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యునిగా తుదిశ్వాస వరకు కొనసాగారు. గేటు మీటింగులో అడగాల్సిన దానిని సభలో అడిగే అవకాశం అలా దక్కింది.

ఇన్ని పనుల నడుమ కవిత్వానికి మిగిలిన సమయం తక్కువే. 1944లో ‘సుర్ఖ్ సవేరా’ వెలువడిన తర్వాత రెండో సంపుటి ‘గులే తర్’ రావడానికి 1961 వరకు ఆగాల్సి వచ్చింది. ‘బిసాతే రక్స్’ సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1969లో లభించింది. ఆ ఏడాదే ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. భౌతికకాయాన్ని హైదరాబాద్‌కు తరలించి షా ఖామోష్ దర్గా ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. హిమాయత్‌నగర్‌లోని సీపీఐ రాష్ట్ర కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు పెట్టారు.