కైమోపపైన్‌కు వీడ్కోలు

పచ్చి బొప్పాయికి గాటు పెడితే కారే తెల్లటి పాలే కైమోపపైన్‌కు పుట్టిల్లు. వెన్నుపూసల మధ్య జారిన డిస్కుకు కత్తి పెట్టకుండా, ఒక్క సూదితో వైద్యం చేసిన ఎంజైమ్ అది. 2003లో అమెరికాలో దాని అమ్మకం ఆగిపోయింది. దక్కాల్సిన గౌరవం దక్కకుండానే వెళ్లిపోయిందన్నది నా బాధ.

1956లో లూయిస్ థామస్ అనే అమెరికన్ వైద్యుడు బొప్పాయి పాలలోనే ఉండే మరో ఎంజైమ్ పపైన్‌ను కుందేళ్ల రక్తంలోకి ఎక్కించారు. నిటారుగా ఉండే చెవులు వాలిపోయాయి, కొద్ది రోజులకు మళ్లీ లేచాయి. మృదులాస్థిని మెత్తబరిచే ఈ గుణం డిస్కుకు పనికిరాదా అని ఇలినాయ్‌లో ఎముకల డాక్టరు లైమన్ స్మిత్ ఆలోచించారు. పపైన్‌కు దగ్గరి చుట్టమైన కైమోపపైన్‌ను 1963లో తొలిసారి మనిషి డిస్కులోకి ఎక్కించారు.

డిస్కు నడుమ ఉండే గుజ్జు నీటిని పట్టి ఉంచుతుంది. అది పొడుచుకొచ్చి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి కాలి వేళ్ల దాకా ఒకటే సలుపు. కైమోపపైన్ ఆ గుజ్జులోని ప్రొటీన్లను తెంచేది. నీరు జారి ఒత్తిడి తగ్గేది. కబాబుల మాంసానికి పచ్చి బొప్పాయి పట్టించే హైదరాబాద్ వంటవాళ్లకు ఈ పాల మహిమ కొత్త కాదు.

రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, నడుము పక్కనుంచి ఏటవాలుగా పొడవాటి సూది దించేవారు. వెన్నుపాము చుట్టూ ఉన్న నీటిని మందు తాకకూడదు. తాకితే రక్తస్రావం, కాళ్లు పడిపోయే ముప్పు. మందు సరిగ్గా పడ్డా కొందరికి నడుము రోజుల తరబడి పట్టేసేది. నూటికి ఒకరి లోపే అయినా, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కూడా వచ్చేది.

1982లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి రాగానే చాలామంది డాక్టర్లు కొద్దిపాటి శిక్షణతోనే సూది పట్టారు. దుర్ఘటనల వార్తలు వచ్చాయి, మందు పేరు చెడింది. నా దృష్టిలో తప్పు మందుది కన్నా తొందరది. ఆస్ట్రేలియాలో 60 మందిపై జరిగిన పరీక్షలో, పదేళ్ల తర్వాత చూస్తే కైమోపపైన్ పొందినవారిలో 80 శాతం మందికి ఫలితం నిలిచింది. పోలిక కోసం మందుకు బదులు ఉప్పునీరు పొందినవారిలో అది 34 శాతమే. ఆ లెక్క తేలేనాటికి డాక్టర్లు మళ్లీ ఆపరేషన్ వైపు మళ్లిపోయారు.

2018లో జపాన్ కాండోలియేజ్ అనే మరో ఎంజైమ్‌కు అనుమతి ఇచ్చింది. అది బ్యాక్టీరియా నుంచి వచ్చింది, ప్రొటీన్లను వదిలి గుజ్జులోని చక్కెర గొలుసులనే తెంచుతుంది. సూదితో డిస్కును కుదించవచ్చని దానికి ముందే రుజువు చేసింది మాత్రం కైమోపపైనే.