పావులూరి మల్లన

రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు మహాభారతమును తెనిగింప బూనిన పదునొకండవ శతాబ్దము ఆంధ్ర కవిత్వమునకు శుభోదయకాలము. కథలను తెనుగున వినవలెనని జనులు కోరినట్లే, లెక్కలను సైతము తెనుగున నేర్పవలెనని తలచిన మహనీయుడొకడు ఆ దాపుననే వెలసెను. ఆయనయే పావులూరి మల్లన.

మల్లన కమ్మనాటిలోని పావులూరికి అధిపతి. ఆయన తాత పేరును మల్లనయే. రాజరాజనరేంద్రుడు పిఠాపురము చెంతనున్న నవఖండవాడను దానమిచ్చినది తాతకని కొందరును, గ్రంథకర్తకేయని మరికొందరును చెప్పుదురు. అందుచే ఆయన పదునొకండవ శతాబ్దమువాడనియు, పండ్రెండవ శతాబ్దపు తొలిభాగమువాడనియు రెండు మతములు గలవు.

క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథము రచించెను. మల్లన దానిని పద్యములలో తెనిగించెను. తెలుగున వెలసిన తొలి గణితగ్రంథమిదియే. ఆయన చేసినది మక్కికి మక్కి అనువాదము గాదు. జైనమతవిషయములున్న చోట శైవమును నిలిపి, కొన్నిటిని విడిచి, కొన్నిటిని క్రొత్తగా చేర్చెను. భూమి కొలత, ధాన్యపు కొలత, బంగారపు తూకము లెక్కపైననే నడచును. లెక్క రానివాడు ఎదుటివాడు చెప్పినదే నమ్మవలెను. అట్టి విద్య తెనుగునకు వచ్చుట సామాన్యవిషయము గాదు.

చదరంగపు పలకపై మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో అరువది నాలుగు గడులకు మొత్తమెంత? మల్లన దానిని ఒక పద్యమున ఇమిడ్చెను. ఆ మొత్తము 18446744073709551615. చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, రంధ్రమనగా తొమ్మిది, ఆకాశమనగా సున్న. ఇట్లు మాటలతో అంకెలను ఒకట్ల స్థానము మొదలుకొని చెప్పుట పూర్వుల పద్ధతి.

శ్రీముఖలింగవాసులకు ఈ పద్ధతి పరాయిది గాదు. ఈ గ్రామమే పూర్వపు కళింగనగరమని చరిత్రకారుల నిర్ణయము. ఇచ్చటనుండి ఏలిన గంగవంశపు అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకము శకవర్షము 999న, అనగా క్రీ. శ. 1078లో జరిగెను. తామ్రశాసనము ఆ సంవత్సరమును తొమ్మిదికి పర్యాయములైన మూడు మాటలతో తెలిపెను.

ఇట్టి సంఖ్యలలోని మర్మమును కొబ్బరి మొక్కలతో తెలిసికొనవచ్చును. 36 మొక్కలను రెండు, మూడు, నాలుగు, ఆరు వరుసలుగా సమముగా నాటవచ్చును. ఈ అంకెలు 36నకు కారణాంకములు. కనుక 36 సంయుక్త సంఖ్య. 37 మొక్కలు తెచ్చినచో ఒక్క వరుసలో తప్ప సమముగా కుదురవు. ఒకటియు తానును తప్ప వేరు కారణాంకములు లేని ఇట్టి సంఖ్య ప్రధాన సంఖ్య. ప్రతి సంయుక్త సంఖ్యయు ప్రధాన సంఖ్యల గుణకారమే; అదియు ఒక్క విధముగనే కుదురును. చోడగంగుని 999ని విప్పినచో 3, 3, 3, 37 లభించును. మహావీరుని మూలములో 12345679ని 9చే గుణించిన, తొమ్మిది ఒకట్లు హారమువలె వచ్చు లెక్క గలదు. ఆ హారములోను 37 దాగియున్నది.

మల్లన పద్యములోని ఇరువది అంకెల సంఖ్యను విప్పినచో 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధాన సంఖ్యలు వచ్చును. వీనిలో 641ని 6700417చే గుణించిన 4294967297 అగును. అది ప్రధాన సంఖ్యయేయని ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో తలచెను. 641 దానికి కారణాంకమని 1732లో ఆయిలర్ నిరూపించెను.

ఈ ఏడింటిని గుణించి చూచినచో మల్లన చెప్పిన సంఖ్యయే అంకె తప్పక వచ్చును. ఒక్క మాట చెడినను ఈ గుణకారము కుదురదు. తాళపత్రములపై చేతివ్రాతలతో ఇన్ని శతాబ్దములు దాటివచ్చిన ఆ పద్యమునకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు. లెక్కను తెలుగువాని నాలుకపై నిలిపిన మల్లన చిరస్మరణీయుడు.