వాచీకి అందని పది సెకన్లు

మన హాస్టల్లో స్మార్ట్ వాచీ లేని చేతుల్ని లెక్కపెట్టడం ఇప్పుడు చాలా తేలిక. పొద్దున్నే గ్రౌండ్‌లో రెండు రౌండ్లు వేశామో లేదో, మణికట్టు తిప్పి హార్ట్ రేట్ చూసుకుంటాం. నీది 160, నాది 172 అని పోల్చుకుంటాం. జిమ్‌కి పోయే బ్యాచ్ గదిలోకి వెళ్తే కిటికీలో క్రియాటిన్ పౌడర్ డబ్బా కూడా కనిపిస్తుంది. ఆ వాచీలో అంకె ఎందుకు ఆలస్యంగా పెరుగుతుంది, ఆ డబ్బాలో తెల్ల పొడి ఎందుకు పనిచేస్తుంది అనే రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే. ఆ జవాబు కనిపెట్టినవాళ్ళలో ఒకాయన భీమవరంలో పుట్టిన తెలుగాయన, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు మనకి కొత్త కాదు. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో టెట్రాసైక్లిన్ పక్కనో, క్యాన్సర్ మందు పక్కనో ఒక లైన్‌లో ఉంటుంది. నేనూ ఆ ఒక్క లైన్ దగ్గరే ఆగిపోయి ఉండేవాణ్ణి. కానీ ఆయన మొదటి పెద్ద పని మందుల మీద కాదు, కండ మీద. పరుగెత్తేవాళ్ళందరికీ సంబంధించిన పని అది.

మా వైపు పరుగూ గుండే ఊరికే కబుర్లకి పనికొచ్చే విషయాలు కావు. 2022 ఫిబ్రవరి 21న ఆత్మకూరు ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 50 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. వ్యాయామం మీద శ్రద్ధ ఉన్న మనిషని ఆయనకి పేరు. అంత్యక్రియలు ఉదయగిరిలో ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలోనే జరిగాయి. మాది ఆత్మకూరు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఎవరు పరుగుకి బయల్దేరినా, మా నాయనమ్మ జాగ్రత్త నాయనా అని రెండుసార్లు అనకుండా గడప దాటనివ్వదు. నాన్న నాకు వాచీ కొనిచ్చింది కూడా ఆ భయంతోనే. ఆ వాచీ ఏం చెప్తుంది, ఏం చెప్పదు అని చదువుకుంటూ పోతే సుబ్బారావు గారి దగ్గరికి చేరాను.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి కటకట. పదమూడేళ్ళప్పుడు కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోతే, వెంకమ్మ గారు పట్టి వెనక్కి తెప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. అంత పెద్ద శాస్త్రవేత్త మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడోసారికి, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. బ్యాక్‌లాగులున్న మిత్రులు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగొచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు చదువుకి డబ్బు సాయం చేశారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెడితే, సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కి బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి రావలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో మరో దెబ్బ. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బు అది. సుబ్బారావు గారికీ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు. కొన్నాళ్ళు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో అమెరికా ఓడెక్కి, 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. మూడేళ్ళలో తిరిగొస్తానని భార్యకి చెప్పి వెళ్ళారు. ఆమె అప్పటికి గర్భవతి. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి బిడ్డని చూడనేలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల జబ్బుల డిప్లొమా చదువుకున్నారు. స్కాలర్‌షిప్ లేదు. మన డాక్టర్ పట్టాకి అక్కడ విలువ లేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి పొట్ట పోసుకున్నారు. డిప్లొమా తర్వాత అదే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే బయోకెమిస్ట్ దగ్గర చేరారు. మన కథలో అసలు భాగం ఇక్కడే మొదలవుతుంది.

ఫిస్క్ ఇచ్చిన పని చూడ్డానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ఒక మంచి పద్ధతి కావాలి. శాంపిల్‌లో మాలిబ్డేట్ కలిపి, దాన్ని మరో రసాయనంతో క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే నీలం ముదురు, తక్కువుంటే లేత. ఆ రంగును తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి అంకె చెప్పాలి. 1925లో ఇద్దరూ కలిసి ఈ పద్ధతిని ప్రచురించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దానికి పేరు.

మన వాచీ చేసే పని కూడా దీనికి దగ్గర చుట్టమే. వాచీ వెనక పచ్చగా వెలిగే ఎల్ఈడీ చర్మంలోకి కాంతిని పంపిస్తుంది. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులోకి రక్తం కొంచెం ఎక్కువ వస్తుంది, అప్పుడు తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. పక్కనున్న ఫోటోడయోడ్ ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడుతుంది. పదార్థం కాంతిని ఎంత పీల్చుకుందో చూసి లోపల ఏముందో చెప్పడం, ఫస్టియర్‌లో చదివిన బీర్–లాంబర్ట్ నియమం, రెండింటికీ అదే మూలం. తేడా ఏంటంటే అప్పట్లో ఫోటోడయోడ్ లేదు. సుబ్బారావు గారి కళ్ళే సెన్సార్లు.

ఆ కళ్ళకి ఒక వింత కనిపించింది. రక్తం శాంపిల్‌లో నీలి రంగు త్వరగా వచ్చి స్థిరపడుతుంది. కండ నుంచి తీసిన ద్రావణంలో మాత్రం రంగు మెల్లగా, ఆలస్యంగా పెరుగుతూ పోతోంది. ఇది ప్రయోగంలో తప్పులే అని పారబోసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. పారబోయలేదు. కండలో ఏదో ఒక పదార్థం ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉంది, ఆమ్లంలో అది విడిపోతూ ఉండటం వల్లే రంగు ఆలస్యమవుతోంది అని ఊహించి వెతికారు. దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. కండకి పని పెడితే అది తగ్గిపోతోంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతోంది. 1927లో ఆ సంగతి ప్రకటించారు. 1929లో అదే జంట కండలో నుంచి ఏటీపీని కూడా వేరుచేసింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అప్పటి పాఠం ఏంటో తెలియాలి. కండకి శక్తి లాక్టిక్ యాసిడ్ తయారవడం నుంచి వస్తుందని లోకం నమ్మేది. ఆ పరిశోధనల మీద హిల్, మైయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వచ్చాక ఆ లెక్క మొత్తం తిరగరాయాల్సి వచ్చింది.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. కరెంటు పోయిందనుకోండి. ల్యాబ్‌లో కంప్యూటర్లు ఆగవు, యూపీఎస్ లాగుతుంది. ఈలోగా వెనకాల డీజిల్ జనరేటర్ స్టార్టయి లోడ్ తీసుకుంటుంది. ఒంట్లోనూ అంతే. ఏటీపీ నిల్వ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. ఖర్చయిన ఏటీపీని వెంటనే నింపే యూపీఎస్ ఫాస్ఫోక్రియాటిన్. గట్టిగా స్ప్రింట్ చేస్తే అది ఇంచుమించు పది సెకన్లు లాగుతుంది. గుండె, ఊపిరితిత్తులు, ఆక్సిజన్ కలిపి జనరేటర్. అది ఊపందుకోవడానికి టైం పడుతుంది. హార్ట్ రేట్ వాచీ చూపించేది జనరేటర్ వేగాన్ని మాత్రమే. యూపీఎస్‌కి మీటర్ లేదు.

కావాలంటే గ్రౌండ్‌లో మీరే చూడండి. వంద మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తి, గీత దాటగానే వాచీ చూస్తే నాకు 130 దాటదు. ఆగిపోయి మోకాళ్ళ మీద చేతులు పెట్టి రొప్పుతుంటే అప్పుడు పెరుగుతుంది 150, 160. పని అయిపోయాక అంకె వస్తుంది! సెన్సార్ ఆలస్యం కొంత, గుండె ఆలస్యం కొంత. ఆ పరుగు నడిపించింది మాత్రం వాచీలో ఎక్కడా లేని ఫాస్ఫోక్రియాటిన్. అందుకే స్ప్రింట్లు చేసేవాళ్ళు హార్ట్ రేట్ చూసి కాదు, టైం చూసి ట్రైనింగ్ చేయాలి. యూపీఎస్ మళ్ళీ నిండడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి రెండు స్ప్రింట్ల మధ్య ఆ మాత్రం ఆగాలి. క్రియాటిన్ పొడి పనిచేసేది కూడా ఈ నిల్వ మీదే. బరువులెత్తేవాళ్ళకి ఉపయోగం, నాలుగు కిలోమీటర్లు నిదానంగా పరుగెత్తేవాళ్ళకి పెద్దగా తేడా ఉండదు.

అదే ఉదయగిరి దుర్గం ఎక్కేటప్పుడు వాచీ నిజంగా పనికొస్తుంది. అది గంటల పని, పూర్తిగా జనరేటర్ మీద నడిచే పని. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ వస్తుందనే లెక్క ప్రకారం ఇరవై ఏళ్ళవాడికి 200. అందులో 60 నుంచి 70 శాతం, అంటే 120–140 మధ్య ఉంటే మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. ఆ సూత్రం కూడా సగటు లెక్కే. మనిషికీ మనిషికీ పది పన్నెండు అంకెలు తేడా రావడం మామూలు.

మళ్ళీ ఆయన దగ్గరికి వద్దాం. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది గానీ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్ళు చిన్న పదవిలోనే ఉండి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఎనిమిదేళ్ళలో ఆయన నడిపించిన పనుల జాబితా చూస్తే నమ్మబుద్ధి కాదు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన స్ప్రూ జబ్బుకి అది మందు. ఆ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు కూడా అక్కడే పుట్టాయి. వాటితోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కి తొలి చికిత్సలు చేశాడు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు రాకుండా మన రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర ఆయన బృందానిదే. టెట్రాసైక్లిన్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ని డగ్గర్ కనిపెట్టింది ఈయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే, అది బయటికొచ్చింది 1948లో.

అదే 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. మూడేళ్ళని చెప్పి వెళ్ళిన మనిషి ఇరవై ఆరేళ్ళయినా తిరిగి రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడలేదు. కండ ఎలా పనిచేస్తుందో లోకానికి చెప్పినవాళ్ళలో ఒకరైన మనిషికి, ఎన్నడూ అలవకుండా కొట్టుకునే కండ ముందే ఆగిపోయింది. నోబెల్ రాలేదు. 1995లో, శతజయంతికి, మన దేశం ఒక తపాలా బిళ్ళ వేసింది.

ఇంతా చదివాక వాచీ మీద నాకు గౌరవం తగ్గలేదు, భయం తగ్గింది. అది గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్తుంది. గుండె రక్తనాళాల్లో ఏముందో చెప్పదు. అంకె బాగుందని ఛాతీ నొప్పిని పట్టించుకోకపోవడం, అంకె పెరిగిందని పరుగు మానేయడం, రెండూ తప్పే. ఛాతీలో బరువు, చెయ్యి లాగడం, కళ్ళు తిరగడం ఉంటే వాచీ చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పోయి ఈసీజీ తీయించుకోవాలి. మా నాయనమ్మకి చెప్పింది కూడా ఇదే. ఆమె అంతా విని, సరే గానీ ఆ భీమవరం ఆయన భార్య ఏమైపోయింది అని అడిగింది. సుబ్బారావు గారి గురించి రాసేటప్పుడు ఆమె పేరు కూడా రాయాలని అప్పుడే అనుకున్నాను. కస్తూరి వారి అమ్మాయి, యల్లాప్రగడ శేషగిరి గారు.