ప్రజారోగ్య రక్షకుడు జాన్ స్నో

ఊరిలో అంటువ్యాధి పుట్టినపుడు ప్రజలు మొదట భయపడుదురు. పిమ్మట ఎవరినో ఒకరిని నిందింతురు. ఆ వ్యాధి ఎచ్చటినుండి వచ్చెనో, ఏ దారిని వచ్చెనో ఓపికతో విచారించువారు మిక్కిలి అరుదు. అట్టి అరుదైన వారిలో ఒకడు ఆంగ్లదేశీయుడగు డాక్టరు జాన్ స్నో. ఆయన ఇల్లిల్లు తిరిగి, ప్రతి గడపలోను నీటిని గూర్చి ప్రశ్నించి, లెక్కలు వ్రాసికొని, కలరా త్రాగునీటి మూలమున వ్యాపించునని నిరూపించెను. నేడు నీటిని, మురుగుకాలువలను, ఆహారపదార్థములను పరీక్షించుచు ప్రజలను కాపాడు ఆరోగ్య తనిఖీ ఉద్యోగులకు ఆయన జీవితము గొప్ప పాఠము.

జాన్ స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లండులోని యార్కు నగరమున జన్మించెను. తండ్రి కూలిపని చేసి కుటుంబమును పోషించువాడు. తొమ్మండుగురు సంతానములో జాన్ పెద్దవాడు. వారు నివసించిన పేట నది యొడ్డున నుండెను. ఇఱుకు సందులు, మురికి గుంటలు, వరద వచ్చినపుడు ఇండ్లలోనికి చొరబడు నీరు — వీని నడుమ ఆయన బాల్యము గడచెను.

14వ యేట జాన్ న్యూకాసిల్ పట్టణమున ఒక వైద్యుని యొద్ద శిష్యుడుగ చేరెను. 1831వ సంవత్సరాంతమున కలరా ఇంగ్లండులో మొదటిసారిగ అడుగుపెట్టెను. తెలుగునాట వాంతిభేది, విషూచి, మరిడి అని పిలువబడిన వ్యాధి యిదియే. 1817లో గంగానది ముఖద్వార ప్రాంతమున విజృంభించి, బాటసారుల వెంటను, సైన్యముల వెంటను, ఓడల వెంటను సాగి అది ఐరోపాను చేరెను. ఉదయము పనికి పోయినవాడు రాత్రికి ప్రాణములు విడుచుట సామాన్యమయ్యెను. కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనులలో రోగము ప్రబలగా, గురువు 18 ఏండ్ల శిష్యుని అచ్చటికి పంపెను. రోగులకు సేవ చేయుచునే జాన్ గనివారి జీవనమును పరికించెను. వారు భోజనము వెంట గొనిపోయి, చేతులు కడుగుకొను వసతి లేక, మాసిన చేతులతోనే తినుచుండిరి. గనిలో మరుగుదొడ్లు లేవు. ఈ దృశ్యము ఆయన మనస్సున చెరగని ముద్ర వేసెను.

1836లో స్నో లండను చేరి వైద్యవిద్య నభ్యసించి, 1844లో లండను విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. శస్త్రచికిత్స వేళ రోగికి బాధ తెలియకుండ మత్తు నిచ్చు విద్య ఆ దినములలోనే పుట్టెను. ఈథరు, క్లోరోఫారము అను మందులను ఎంత మోతాదున ఈయవలెనో శ్రద్ధతో పరిశోధించి, స్నో ఆ విద్యలో అగ్రగణ్యుడయ్యెను. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయమున క్లోరోఫారము నిచ్చినవాడు ఆయనయే. రాజప్రాసాదమున మన్నన పొందిన వైద్యుడు ధనికుల ఇండ్లకు మాత్రమే పోవుచు సుఖముగ కాలము గడుపవచ్చును. స్నో మాత్రము బీదల పేటలలోని నీటి పంపుల చుట్టు తిరుగుటకు నిశ్చయించుకొనెను.

ఆ కాలమున పండితులును, పాలకులును కుళ్లు వాసనతో నిండిన గాలియే కలరాకు కారణమని నమ్ముచుండిరి. ఆ నమ్మకము నిరపాయమైనది కాదు. దుర్గంధమును పోగొట్టవలెనను తలంపుతో, 1848, 1849 సంవత్సరములలో లండను అధికారులు మురుగు కాలువలను కడిగించి, ఆ మలినమునంతయు థేమ్సు నదిలోనికి పంపిరి. నగరములో అనేకులు త్రాగు నీరు ఆ నదిదే. మంచి తలంపుతో చేసిన పనియే అపాయమును పెంచెను. స్నో మరియొక విధముగ ఆలోచించెను. ఈ రోగము మొదట పట్టునది ఊపిరితిత్తులను కాదు, ప్రేగులను. కావున రోగబీజము నోటి ద్వారా లోనికి పోవుచుండవలెను. రోగి మలము కలిసిన నీరే దానికి వాహనము. ఈ యభిప్రాయమును 1849లో ఆయన చిన్న పుస్తకముగ ప్రకటించెను. విన్నవారు కొందరే, నమ్మినవారు మరింత తక్కువ.

1854వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీ రాత్రి లండనులోని సోహో పేటలో కలరా ఒక్కసారిగ విరుచుకుపడెను. బ్రాడ్ స్ట్రీట్ అను వీధి చుట్టుప్రక్కల పది దినములలో 500 మందికి పైగా మరణించిరి. బ్రతికినవారు మూటాముల్లె సర్దుకొని పేట విడిచి పారిపోయిరి. స్నో అచ్చటికి దగ్గరలోనే నివసించుచుండెను. అందరు వెలుపలికి పోవుచుండగా ఆయన ఆ వీధులలోనికి నడచెను.

మొదట ఆయన జనన మరణముల కార్యాలయమునుండి ఆ వారము ఆ పేటలో మృతి చెందిన 83 మంది వివరములను తెచ్చుకొనెను. పిమ్మట వారి ఇండ్లకు పోయి, వారు ఏ పంపు నీరు త్రాగిరో విచారించెను. ఇంచుమించు అందరి ఇండ్లును బ్రాడ్ స్ట్రీట్ పంపునకు సమీపముననే యుండెను. పది మరణములు మాత్రము వేరొక పంపునకు దగ్గరి ఇండ్లలో సంభవించెను. విచారింపగా, వానిలో ఐదు కుటుంబములవారు బ్రాడ్ స్ట్రీట్ నీటినే కోరి తెప్పించుకొనుచుండిరని తెలిసెను. మరి ముగ్గురు ఆ పంపు సమీపమున నున్న బడికి పోవు పిల్లలు.

రోగము సోకనివారిని గూర్చియు స్నో అంతే శ్రద్ధతో విచారించెను. ఆ పేటలోని బీదల శరణాలయమున 535 మంది యుండగా ఐదుగురు మాత్రమే మరణించిరి. శరణాలయమునకు సొంత బావి యుండెను. ఆ వీధిలోని బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనివారుండిరి. వారిలో ఒక్కరును కలరాతో మరణింపలేదు. వారు ఆ పంపు నీటిని త్రాగెడివారు కారు. అదే వీధిలో మరియొక కర్మాగారమున పనివారి కొరకు ఆ పంపు నీటిని తొట్లలో నింపి యుంచుచుండిరి. అచ్చట 18 మంది చనిపోయిరి. దూరమున హాంప్‌స్టెడ్ అను చోట ఒక వృద్ధురాలు కలరాతో మరణించెను. ఆమె మునుపు బ్రాడ్ స్ట్రీట్‌లో నివసించి, ఆ నీటి రుచికి అలవాటుపడి, దినదినము బండిపై తెప్పించుకొనుచుండెనట. ఆమె ఇంటికి చుట్టపుచూపుగ వచ్చి ఆ నీరు త్రాగిన బంధువును మరణించెను. ఈ ఒక్క సంగతి స్నో వాదమునకు పెట్టనికోటయయ్యెను.

సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలము స్నో ఆ పేట పాలకుల సభకు పోయి తన లెక్కలను వారి ముందుంచెను. వారికి పూర్తిగ నమ్మకము కలుగకున్నను, మరునాడు ఆ పంపు పిడిని ఊడదీయించిరి. అయితే అప్పటికే అనేకులు పేట విడిచిపోవుటచే రోగము తగ్గుముఖము పట్టియుండెను. ఈ విషయమును స్నో తానే తన గ్రంథమున ఒప్పుకొనెను. తన ప్రతిష్ఠకు మెరుగు పెట్టుకొనుటకై సత్యమును వంచుట ఆయన యెరుగడు.

ఆ పేట చర్చిలో హెన్రీ వైట్‌హెడ్ అను యువ మతగురువు ఉండెను. ఆయన తొలుత స్నో మాటను నమ్మక, అది తప్పని చూపుటకే విచారణకు పూనుకొనెను. ఇంటింటికి తిరిగిన కొలది ఆయన యభిప్రాయము మారెను. రోగము ప్రబలుటకు కొలది దినములు ముందు, పంపు నెదుటి ఇంటిలో ఒక పసిబిడ్డకు విరేచనములు పట్టుకొనెను. తల్లి బిడ్డ గుడ్డలను ఉతికి, ఆ నీటిని ఇంటి ముందరి మురుగు గుంటలో పారబోసెను. 1855లో త్రవ్వించి చూడగా ఆ గుంటకును బావికిని నడుమ మూడడుగుల దూరమైన లేదు. ఇటుకకట్టు శిథిలమై మురుగు బావిలోనికి ఊరుచుండెను. ఆ బిడ్డ తండ్రియు, పంపు పిడి ఊడదీసిన దినముననే కలరా వాత పడెను. పిడి యట్లే యుండినచో అతని ఇంటి మురుగు మరల బావిలో చేరి మరెందరిని బలిగొనియుండెడిదో ఊహింపవచ్చును.

అదే యేడు స్నో అంతకంటె పెద్ద విచారణ నొకటి సాగించెను. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధులలో గొట్టములు వేసి నీటిని అమ్ముచుండిరి. లాంబెత్ కంపెనీ 1852లో నగరమునకు ఎగువన, మురుగు కలియని చోటినుండి నీరు తీయ నారంభించెను. సౌత్‌వార్క్ వాక్సాల్ కంపెనీ నగరపు మురుగు కలిసిన చోటినుండియే తీయుచుండెను. తమ ఇంటికి ఎవరి నీరు వచ్చుచున్నదో అనేకులకు తెలియదు. స్నో ప్రతి ఇంటినుండి చిన్న సీసాలో నీరు పట్టి, సిల్వర్ నైట్రేటు కలిపి చూచెను. రెండవ కంపెనీ నీటిలో ఉప్పు మిక్కుటముగ నుండుటచే తెల్లని మడ్డి ఏర్పడి గుట్టు బయటపడుచుండెను. లెక్క తేల్చగా, ప్రతి 10,000 ఇండ్లకు మొదటి కంపెనీ నీరు వాడిన ఇండ్లలో 37 మరణములును, రెండవ కంపెనీ నీరు వాడిన ఇండ్లలో 315 మరణములును కనబడెను.

ఇంత చేసినను ప్రభుత్వ ఆరోగ్యమండలి విచారణ సంఘము ఆయన వాదమును త్రోసిపుచ్చెను. 1855లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక ఆయనను ఎగతాళి చేసెను. స్నో నొచ్చుకొని పని మానలేదు. 1858లో, క్లోరోఫారమును గూర్చి గ్రంథము వ్రాయుచుండగా ఆయనకు పక్షవాతము వచ్చెను. జూన్ 16వ తేదీన, 45వ యేట ఆయన మరణించెను. తన మాట నెగ్గుట చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు.

ఆయన గతించిన పిమ్మట 1866లో లండనులో కలరా మరల వచ్చినపుడు, మునుపు సందేహించిన పెద్దలే నీటి కంపెనీ వైపు వేలు చూపిరి. 1883, 1884 సంవత్సరములలో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ ఈజిప్టులోను, పిమ్మట కలకత్తాలోను పరిశోధించి కలరా సూక్ష్మజీవిని స్పష్టముగ చూపెను. స్నో కంటికి కనబడని శత్రువును కాలినడకతోను, లెక్కలతోను ముందుగనే పట్టుకొనెనని లోకము గ్రహించెను.

1855 నాటి చట్టము మేరకు లండను పేటలన్నిటను ఆరోగ్యాధికారులు, వారితోపాటు పారిశుద్ధ్య తనిఖీదారులు నియమింపబడిరి. వారి వృత్తి నానాదేశములకు వ్యాపించెను. నేడు తెలుగు పట్టణములలోను శానిటరీ ఇన్‌స్పెక్టర్లు మురుగుకాలువలను, దుకాణములను, నీటి కుళాయిలను చూచుచుందురు. ఒక వీధిలో పలువురకు విరేచనములు పట్టుకొనినచో, రోగుల ఇండ్లను గుర్తించి, వారు త్రాగిన నీటి జాడ తీసి, మురుగుతో కలిసిన గొట్టము ఎచ్చట పగిలినదో వెదకవలెను. ఇది స్నో నడచిన బాటయే. వారు సరిగ పని చేసిన యెడల రోగము పుట్టదు. పుట్టని రోగమును గూర్చి ఎవరును చెప్పుకొనరు. అందుచే వారి శ్రమ తరచు లోకమునకు కానరాదు.

బ్రాడ్ స్ట్రీట్ నేడు బ్రాడ్‌విక్ స్ట్రీట్ అను పేర పిలువబడుచున్నది. అచ్చట పిడి లేని పంపు ఒకటి స్మారకముగ నిలుపబడినది. దానినుండి నీరు రాదు. కాని రోగము పుట్టిన వీధిలోనికి ధైర్యముగ నడచి, అడిగి, లెక్కించి, తెలిసికొనిన సత్యమును ఉన్నదున్నట్లు చెప్పిన మనుష్యుని అది జ్ఞప్తికి తెచ్చుచున్నది.