వపా: మూలన రెండక్షరాలు.. కశింకోట చిత్రకారుడి సంతకమే లోగో అయింది!

అనకాపల్లి: లోగో అంటే ఏంటి? పేరు మొత్తం చదవకుండానే ఇది ఫలానా వాళ్లదని తెలిసిపోవాలి. గ్రాఫిక్ డిజైన్ నేర్చుకునేవాళ్లకు తొలి పాఠం ఇదే. మన దగ్గర కంప్యూటర్లు లేని రోజుల్లోనే ఆ పని చేసి చూపించారు వడ్డాది పాపయ్య. బొమ్మ మూలన ‘వ.పా.’ అని రెండక్షరాలు కనిపిస్తే చాలు.. అది ఎవరి చేతి పనో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది.

1921 సెప్టెంబర్ 10న శ్రీకాకుళంలో పుట్టారు పాపయ్య. తండ్రి రామమూర్తి ఉపాధ్యాయుడు. బొమ్మల్లో ఓనమాలు ఇంట్లోనే నేర్చుకున్నారు. రాజా రవివర్మ చిత్రాలు ఆయన్ను బాగా ఆకట్టుకున్నాయి. తర్వాత అనకాపల్లి పక్కనే ఉన్న కశింకోటలో స్థిరపడ్డారు.

అసలు పేరు తెచ్చింది మాత్రం చందమామ. 1947లో మొదలైన ఈ పిల్లల పత్రికకు ఎం.టి.వి. ఆచార్య తర్వాత వపా ముఖచిత్రాలు వేశారు. పత్రిక చాలా భాషల్లో వచ్చేది కాబట్టి తెలుగు రాని పిల్లలకు కూడా ఆ బొమ్మలు చేరాయి. చక్రపాణి నడిపిన ‘యువ’లో రాగాలు, రుతువులకు స్త్రీ రూపమిచ్చారు. ఉత్తరాంధ్ర పల్లె ఆడపడుచులు, పండగలు, పురాణ పాత్రలు.. అన్నీ ఆయన రంగుల్లోకి వచ్చాయి.

అయితే మనిషి మాత్రం పెద్దగా బయటికి వచ్చేవారు కాదు. సభలు, సన్మానాలంటే దూరం. బొమ్మ ఇంటింటికీ వెళ్లింది, వేసినాయన ఊళ్లోనే ఉండిపోయారు. లక్షల మందికి ఆ సంతకం తెలుసు, ముఖం తెలిసినవాళ్లు తక్కువే. 1992 డిసెంబర్ 30న, 71 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరి డిజైన్ నేర్చుకునేవాళ్లు వపా దగ్గర ఏం చూడాలి? పాత చందమామ అట్ట ఒకటి తీసుకోండి. ఫోన్‌లో థంబ్‌నెయిల్ సైజుకు తగ్గించండి. ముందు కంటికి ఏది తగులుతుంది? పైన పత్రిక పేరుకు చోటు ఎంత ఉంది? వెనక రంగులోంచి మనిషి బొమ్మ ఎలా విడిగా కనిపిస్తోంది? ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. లోగో గీసినా, వీడియోకి థంబ్‌నెయిల్ చేసినా మొదట చూసుకోవాల్సినవి ఇవే. ఆ తర్వాత మూలన ఉన్న ఆ రెండక్షరాలు వెతకండి!