బీథోవెన్ కోపం వెనక ఏముంది?

ముక్కు మీద కోపం ఉండే మనిషి మీ ఇంట్లోనూ ఉండొచ్చు. చిన్న మాటకే చేతిలోది విసిరికొట్టి, గంట తర్వాత తనే బాధపడుతుంటారు. అలాంటివారిని చూస్తే ఒకసారి సంగీతకారుడు బీథోవెన్‌ను గుర్తుచేసుకోండి.

ఆయన 1770లో జర్మనీలోని బాన్‌లో పుట్టారు. తండ్రికి తాగుడు అలవాటు. కొడుకుకి సంగీతం నేర్పడంలోనూ కఠినంగా ఉండేవాడు. వియన్నా చేరాక బీథోవెన్‌కు పియానోతో ఎంత పేరొచ్చిందో, కోపంతోనూ అంతే వచ్చింది. అడగని వంటకం తెచ్చాడని ఓసారి వెయిటర్ తలపైకి పళ్లెం విసిరారని శిష్యుడు రీస్ రాశారు. స్నేహితులతో గొడవపడటం, తర్వాత క్షమించమని ఉత్తరం రాయడం ఆయనకు మామూలే.

అసలు బాధ 1802 అక్టోబరులో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో ఉంది. తనను అందరూ మొండివాడనుకుంటున్నారనీ, కానీ కొన్నేళ్లుగా వినికిడి తగ్గిపోతోందనీ, సంగీతకారుడై ఉండి ఆ మాట నలుగురిలో చెప్పుకోలేకపోతున్నాననీ దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని ఆయన పంపనే లేదు. 1827లో ఆయన పోయాకే కాగితాల్లో దొరికింది.

ఈలోగా ఇంట్లో జరగాల్సిన నష్టం జరిగింది. 1815లో తమ్ముడు చనిపోయాక, అతని కొడుకు కార్ల్ కోసం మరదలితో ఏళ్లపాటు కోర్టులో పోరాడి గెలిచారు. కానీ పెదనాన్న అతిప్రేమ, అనుమానం, అరుపుల మధ్య ఆ కుర్రాడు నలిగిపోయాడు. 1826లో ఆత్మహత్యకు ప్రయత్నించి, అదృష్టవశాత్తూ బతికాడు.

బీథోవెన్ చెవులకు వైద్యం చేసిన డాక్టర్లున్నారు. మనసుకు చికిత్స చేసే థెరపిస్టులు ఆ రోజుల్లో లేరు. మీకు ఆ ఇబ్బంది లేదు. థెరపీలో ముందుగా కోపానికి క్షణం ముందు ఏం జరిగిందో చూస్తారు. అక్కడ తరచూ భయమో, అవమానమో, నొప్పో కనిపిస్తుంది. ఏం జరిగింది, మనసులో ఏమనుకున్నారు, ఒంట్లో ఏమనిపించింది అన్నవి డైరీలో రాయమంటారు. గుండె దడ, దవడ బిగుసుకోవడం వంటి సూచనలు కనబడగానే అక్కడి నుంచి కాసేపు పక్కకు వెళ్లడం, తర్వాత కావాల్సింది నెమ్మదిగా అడగడం సాధన చేయిస్తారు.

పెద్దవాళ్లలో చిరాకు కొత్తగా మొదలైతే వినికిడి, నిద్ర, థైరాయిడ్ కూడా పరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరికైనా చావు ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకుండా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.