బందరు బడిపంతులు నోబుల్ దొర

మన సంఘాల్లో హైస్కూలు టీచర్లు చాలామందే ఉన్నారు. వారమంతా బడిలో పాఠాలు చెప్పి, ఆదివారం ఉదయం సండేస్కూలు కూడా నడిపేది తరచుగా వాళ్లే. ఇన్నేళ్లు చెప్పాం, ఒక్క పిల్లవాడైనా మారాడా అన్న ప్రశ్న వారిలో ఎందరినో నిద్రపోనివ్వదు. అలాంటి వారంతా తెలుసుకోవలసిన మనిషి రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. బందరులో ఆయన పేరిట కాలేజీ ఉన్నదని మనకు తెలుసు గానీ, ఆ పేరు వెనుక ఉన్న ఓర్పు సంగతి అంతగా తెలియదు.

నోబుల్ 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివాడు. చర్చి మిషనరీ సొసైటీ తెలుగుదేశానికి పంపిన మొదటి ఇద్దరిలో ఆయన ఒకడు, రెండవవాడు ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్స్. 1841లో ఇద్దరూ కలిసి బందరులో అడుగుపెట్టారు. డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు వెలవెలబోతున్నది. ఎండ, ఉప్పునేల, జ్వరాలు సరేసరి.

ఫాక్స్ ఊళ్లు తిరిగి సువార్త చెప్పే పని చేపట్టాడు. నోబుల్ మాత్రం బడి పెట్టాలనుకున్నాడు. ముందు తెలుగు నేర్చుకుని 1843లో తలుపులు తెరిచాడు. చేరినవారు మొదట కొద్దిమందే. వాళ్లు వచ్చింది ఇంగ్లిషు కోసం, ఇంగ్లిషు వస్తే కలెక్టరు కచేరీలో దొరికే ఉద్యోగం కోసం. ప్రతిరోజూ బైబిలు పాఠం తప్పనిసరి. పిల్లలు శ్రద్ధగా వినేవారు, బాగా అప్పజెప్పేవారు, చదువు కాగానే నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. పిల్లవాడు పాఠం బాగా చదివినా, పాఠంలోని మాట గుండెకు తాకిందో లేదో తెలియకపోవడం ఎంత బాధో టీచర్లకు మనం వేరే చెప్పనక్కరలేదు.

ఫాక్స్ భార్య 1845లో చనిపోయింది. 1848లో ఫాక్స్ కూడా కన్నుమూశాడు. అప్పటికి నోబుల్ బడిలో క్రీస్తును బహిరంగంగా ఒప్పుకున్న విద్యార్థి ఒక్కడూ లేడు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. ఈ రోజుల్లో అయితే రెండేళ్లకే రిపోర్టు అడిగి, ఫలితం లేదని ఖర్చు ఆపేసేవాళ్లం.

1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందడానికి సిద్ధపడి ఆయన దగ్గరకు వచ్చారు. రత్నం బ్రాహ్మణుడు, భూషణం వెలమ. ఊరు అట్టుడికింది. బంధువులు, జనం వచ్చి పడ్డారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోతను కూడా మనం తేలికగా తీసుకోకూడదు, ఆ రోజుల్లో మతం మారిన కొడుకు బతికున్నా చచ్చినవాడితో సమానమే. ఇద్దరూ తమ నిర్ణయం మీద నిలబడి బాప్తిస్మం తీసుకున్నారు. మరి బడి? నిండుగా ఉన్న బడి ఒక్కసారిగా ఖాళీ అయింది. ఏళ్ల తరబడి ప్రార్థించి ఎదురుచూసిన సంతోషం, కూడబెట్టుకున్న పని కూలిపోవడం, రెండూ ఒకే వారంలో ఆయన గుమ్మం ఎక్కాయి.

నోబుల్ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మెల్లగా పిల్లలు తిరిగి వచ్చారు. కొన్నేళ్లకు మళ్లీ కొందరు విశ్వసించారు, మళ్లీ గొడవలు.

ఇక్కడ మనం దాటవేయకూడని సంగతి ఒకటుంది. నోబుల్ తన బడిలో మాల మాదిగ పిల్లలను చేర్చుకోలేదు. పై కులాల వారు మారితే వారి ద్వారా సువార్త కిందికి దిగుతుందని ఆయన లెక్క. వాళ్లను చేర్చుకుంటే అగ్రవర్ణాల పిల్లలు వెళ్లిపోతారన్న భయమూ నిజమే. అయినా ఆ తలుపు ఎవరి ముఖాన మూతపడిందో వారి మనవలు, మునిమనవలే నేడు మన సంఘాల్లో ఎక్కువమంది. కాబట్టి ఇది మనకు నొప్పి కలిగించే మాటే. మా దృష్టిలో అది ఆయన చేసిన పొరపాటు. ఆయన లెక్కను దేవుడు తలకిందులు చేశాడు కూడా. 1859లో బెజవాడ వైపున ఉన్న రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య, బడి గడప తొక్కని మాల, సత్యదేవుణ్ణి వెదుక్కుంటూ వచ్చి డార్లింగ్ అనే మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. పల్లెల్లో గుంపులు గుంపులుగా సంఘాలు లేచింది అక్కడినుంచే. నోబుల్ ఇరవైయేళ్లు పైగా కష్టపడి చూసినవారు ఎంతో కొద్దిమంది.

అయితే ఆ కొద్దిమంది సంగతి కూడా చూడాలి. రత్నం, భూషణం తర్వాత పాదిరులయ్యారు. జానీ ఆలీ అనే ముస్లిం విద్యార్థి క్రీస్తును అంగీకరించి, కేంబ్రిడ్జికి వెళ్లి చదువుకుని, తిరిగి వచ్చి తన వారి మధ్యే సేవ చేశాడు. మారనివారు? వాళ్లు గుమాస్తాలయ్యారు, అధికారులయ్యారు. మతం మారకపోయినా గురువుగారిని మరిచిపోలేదు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తింది. సుమారు ముప్పై వేల మంది కొట్టుకుపోయారని లెక్క. నోబుల్ బతికి బయటపడ్డాడు. బందరుకు వచ్చినప్పటినుంచి ఇరవై నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లలేదు. పెళ్లి చేసుకోలేదు. ఆరోగ్యం ఎన్నడూ అంతంతమాత్రమే. 1865 అక్టోబరులో, 56 ఏళ్ల వయసులో, ఆ ఊళ్లోనే ప్రాణం విడిచాడు. తర్వాతి కాలంలో ఆయన పేరిట కాలేజీగా ఎదిగిన ఆ బడిలోనే భోగరాజు పట్టాభి సీతారామయ్య వంటివారు చదువుకున్నారు.